సెంటుచేప

వేట నిషేధం తీరిన మర్నాడు తెల్లారేసరికి పాలెంలో ఇళ్ళన్నీ తలుపులు తీసి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, కుక్కలు, అందరూ ఇసుకలోనే. రెండు నెలలు ఒడ్డున బోర్లా పడుకున్న పడవలు నిన్న సాయంత్రం సముద్రంలోకి పోయాయి. ఇప్పుడు తిరిగొస్తున్నాయి.

మొదటి పడవ అల మీదికి లేచింది. ఆడవాళ్ళు కొంగులు బిగించి దాని అంచునే చూశారు. అంచు నీళ్ళకు బాగా దగ్గరగా ఉంది. అంటే బరువుంది. బరువుందని ఎవరూ అరవలేదు, అరిస్తే దిష్టి. కానీ ఒక్కళ్ళకీ కాళ్ళు నిలవలేదు.

గురవమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి నిలబడింది. రెండో పడవ ఆమె మొగుడు ముత్యాలయ్యది. అతను దూరం నుంచే ఒక వంజరాన్ని తోక పట్టి పైకెత్తాడు. ఎండ పడి అది కత్తిలా మెరిసింది. గురవమ్మకు నవ్వు ఆగలేదు. పక్కన ఉన్న విజయకుమారి ఆమె భుజం గిచ్చింది.

"వదినా, పెళ్ళినాడు కూడా అన్న ఇంత సంబరంగా చెయ్యెత్తి ఉండడు" అంది.

విజయకుమారి పక్కింటి కోడలు. ఆ పిల్ల నోటికి గడియ లేదు. గురవమ్మ వెనకాలే తట్ట పెట్టుకొని ముత్తుకూరు మార్కెట్టుకి పోతూ అమ్మకం నేర్చుకుంటోంది.

పడవ ఇసుకను తాకేలోపలే గురవమ్మ చేతులు అందులో ఉన్నాయి. వంజరాలు ఒకపక్క, చందువలు ఒకపక్క. కన్ను చూస్తుంది, పొట్ట మీద బొటనవేలు నొక్కుతుంది. నొక్కిన గుంట వెంటనే పైకి లేస్తే తట్టలోకి, లేవకపోతే ఉప్పుకి. వలలో నలిగిన మంచి చందువ ఒకటి దొరికింది. చూస్తే ఏ లోపమూ కనపడదు. దాన్ని కూడా పక్కన పడేసింది. ఐసు పెట్టలేదు. రాత్రి పడిన చేపకి ఐసు పెడితే కొనేవాళ్ళకు అనుమానం. గోనెపట్టాను సముద్రపు నీళ్ళలో ముంచి, పిండి, తట్ట మీద కప్పింది.

ముత్తుకూరు మార్కెట్టులో చర్చి ప్రహరీని ఆనుకొని గురవమ్మ కూర్చునే చోటు ఉంది. అక్కడ చేప కొనేవాళ్ళు మొప్ప ఎత్తి చూడరు. మిగతా అందరి దగ్గరా ఎత్తుతారు, ఎర్రగా ఉందా, వాసన కొడుతోందా అని. గురవమ్మ దగ్గర మాత్రం ఏ చేప కావాలో చెప్పి, పక్కవాళ్ళతో మాట్లాడుకుంటూ నిలబడతారు. ఆమెకున్నది ఆ నమ్మకం ఒక్కటే.

రోడ్డు మీద జడ్సన్ ఆటో ఎదురుచూస్తోంది. కొత్త ఆటో. వేసవిలో పాస్టరు గారు ప్రార్థన చేసి రిబ్బను కత్తిరించారు. సీట్లకి ఎర్రటి మెత్తటి గుడ్డ, అద్దానికి ప్లాస్టిక్ గులాబీలు. చేపల ఆడవాళ్ళను మార్కెట్టులో దించిన వెంటనే జడ్సన్ కరెంటు కంపెనీ ఆఫీసు అమ్మాయిలను ఎక్కించుకోవాలి. వాళ్ళు ఈ రెండు నెలల్లోనే ఈ ఆటోకి అలవాటు పడ్డారు. అంటే ఇందులో చేప వాసన వాళ్ళింకా ఎరగరు.

విజయకుమారి తట్టను జడ్సన్ ఆటో పైన కట్టాడు. గురవమ్మ తన తట్టను పైన పెట్టనివ్వదు, ఎండ తగులుతుందని. కాళ్ళ మధ్య పెట్టుకుంది. బండి కదిలేముందు జడ్సన్ సీటు కింద నుంచి మల్లెపూల బొమ్మ ఉన్న సీసా తీశాడు. సీట్లకి కొట్టాడు. వాళ్ళ కాళ్ళ దగ్గర కొట్టాడు. ఆనక వంగి, గోనె మీద ఆ చివరి నుంచి ఈ చివరికి, పైరుకి మందు కొట్టినట్టు కొట్టాడు.

"ఏంది అబ్బయా అది?" అంది గురవమ్మ.

"వాసన రాకుండా అత్తా" అన్నాడు జడ్సన్, మంచిపని చేసినవాడిలా.

"శవానికి కొట్టినట్టు కొట్టినావే" అని విజయకుమారి తుమ్మింది.

బండి కదిలింది. ఘాటు ముక్కుల్లోకి ఎక్కుతోంది. గురవమ్మ తనకు తెలిసిన పని చేసింది. సీసాలో నీళ్ళు తీసి గోనె మీద చల్లింది. ఊరు దాటాక మళ్ళీ చల్లింది. చేపతట్ట మోసే ఆడది ఎవరైనా అదే చేస్తుంది. చేపకు ఏ ఇబ్బంది వచ్చినా మొదట నీళ్ళు. ఆ నీళ్ళు గోనె తాగిన సెంటును వెంటబెట్టుకొని బొట్టు బొట్టుగా కిందికి, విచ్చుకొని ఉన్న మొప్పల్లోకి దిగుతున్నాయని ఆమెకు అప్పుడు తట్టలేదు.

రెండు నెలలు మంచి చేప మొహం చూడని ఊరు. మార్కెట్టు తిరనాళ్ళలా ఉంది. తట్టలు కింద పెట్టకముందే జనం చుట్టుకున్నారు. గురవమ్మ దగ్గరికి అందరికంటే ముందు మగ్దలీనమ్మ వచ్చింది. మార్కెట్టుకు ఎదురుగా ఆమెకు మెస్సు ఉంది. కరెంటు కంపెనీలో పనిచేసేవాళ్ళు చాలామంది ఆమె వంటే తింటారు. జడ్సన్ ఆమె కొడుకే. పెద్ద మనిషి, పెద్ద గొంతు.

గోనె తీయగానే వంజరాల మీద వెలుగు పడింది. మగ్దలీనమ్మ సంతోషంగా వంగింది. వంగి, ఆగిపోయింది. ముక్కు చిట్లించింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, గురవమ్మ చేపకు మొప్ప ఎత్తింది. వాసన చూసింది. ఇంకో చేపకు ఎత్తింది.

"ఏంది గురవమ్మా ఇది. చేపకి సెంటు కొట్టినావా?"

మెల్లగా అనడం ఆమెకు చేతకాదు. చుట్టుపక్కల తలలన్నీ తిరిగాయి. నిషేధం రోజుల్లో ఐసు గోదాముల్లో మగ్గిన చేపకి మందులు పూసి ఇప్పుడు కొత్తదని అమ్ముతారని, ఫోనులో చూశానని ఒకాయన అందరికీ వినపడేట్టు చెప్పాడు. తట్టలోకి చెయ్యి పెట్టిన ఇద్దరు వెనక్కి తీసుకున్నారు. గురవమ్మ లేచి నిలబడింది. రాత్రి సముద్రంలో ఉన్న చేప ఇది, సెంటు ఆటోలో తగిలింది, మీ వాడే కొట్టాడు అని చెప్పింది.

మగ్దలీనమ్మ తిరిగి చూసింది. రోడ్డు పక్కన ఆటో ఇంకా ఉంది. వెనక సీట్లో ఆఫీసు అమ్మాయిలు కూర్చొని ఉన్నారు, చేతిరుమాళ్ళు ముక్కులకు దగ్గరగా.

"ఒరే జడ్సనూ, ఈమె చేప మీద నువ్వు సెంటు కొట్టినావా?"

జడ్సన్ తల్లిని చూశాడు. అద్దంలో అమ్మాయిలను చూశాడు.

"సీట్లకి కొట్టినా మా. చేప మీద ఎవురన్నా కొడతారా?" అని బండి తీశాడు.

ఎవరన్నా కొడతారా. ఆ మాట అందరికీ సబబుగా తోచింది. నేను చూశానని విజయకుమారి గొంతు చించుకుంది. ఇద్దరిదీ ఒకే పాలెం, దాని మాట ఎవరు నమ్ముతారు. మగ్దలీనమ్మ అవతలి బకెట్టులో చేతులు కడుక్కుంది. వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, చెయ్యి దూరంగా చాచి, విదిలించింది.

"ఛీ. సెంటుచేప."

అంతే అంది. ఎవడో నవ్వాడు. ఇంకెవడో ఆ మాటను ఆమె అన్నట్టే, చెయ్యి విదిలించి మరీ అన్నాడు. ఆ పక్క మటన్ అంగడి దాకా నవ్వు పోయింది. మధ్యాహ్నానికి గురవమ్మ తట్ట ఎట్లా దిగిందో అట్లాగే లేచింది.

చేపను పారెయ్యలేదు. ఇంటి ముందు కూర్చొని కడిగింది, చీల్చింది, ఉప్పు పట్టించింది. ఆడవాళ్ళు చుట్టూ చేరి తలా ఒకటి అన్నారు. జడ్సన్ ఆటోని తగలబెట్టాలన్నారు. గురవమ్మ గోనెపట్టాను ముక్కు దగ్గర పెట్టుకుంది. అందులో మల్లెపూలు ఇంకా ఉన్నాయి. పిండింది. వేళ్ళ సందుల్లోంచి కారే నీళ్ళను చూసింది. అప్పుడు తెలిసింది. వాడు కొట్టింది గోనెకి. చేపకి పట్టించింది తన చెయ్యి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు శుక్రవారం ఆటో ఎక్కలేదు. బస్సుకి పోయింది. కొత్త గోనె, కొత్త చేప. బస్సులో ఒక పిలకాయ కక్కుకుంటే కండక్టరు ముక్కు మూసుకొని "అబ్బ, సెంటుచేప" అన్నాడు. గురవమ్మ ఉలిక్కిపడి తన తట్ట వైపు చూసుకుంది. కండక్టరు ఆమెను చూడను కూడా లేదు. దిగేచోట టీ అంగడి ముందు ఒకడు టీ నోట్లో పోసుకొని, ఉమ్మేసి, అదే మాట అన్నాడు.

మధ్యాహ్నం తట్ట దగ్గరికి విజయకుమారి పరుగున వచ్చి ఫోను చూపించింది. నిన్న మార్కెట్టులో ఎవడో వీడియో పట్టేశాడట. అందులో మనుషులు కనపడరు. గురవమ్మ తట్ట, ఒక లావాటి చెయ్యి, ఆ గొంతు. ఛీ, సెంటుచేప. ఛీ, సెంటుచేప. వెనక డప్పు కూడా పెట్టారు. నెల్లూరులో కాలేజీ పిల్లలు పాడైపోయిన పరీక్షకి, ఉడకని బిరియానీకి, వెంటపడే మగపిల్లోడికి, అన్నిటికీ అదే పెడుతున్నారని ఆ పిల్ల ఊపిరాడకుండా చెప్పింది. చెబుతుంటే దానికే నవ్వొచ్చింది. నోరు మూసుకుంది. మళ్ళీ నవ్వింది.

"నన్ను కొట్టు వదినా, నా వల్ల కాలా."

గురవమ్మ కొట్టలేదు. చెయ్యి కూడా ఎత్తలేదు. ఆమె ఎదురుగా ఉన్న జనం వైపు చూస్తోంది. మాట ఊరు దాటితే దాటింది. మార్కెట్టులో మాత్రం ఆ మాటకి ముందు ఒక పేరుంది. గురవమ్మ సెంటుచేప. అక్కడ నిలబడినవాళ్ళు అట్లాగే అంటున్నారు. పొద్దున్నుంచి ఆమె దగ్గరికి వచ్చినవాళ్ళు మొప్ప ఎత్తారు, చూశారు, ఎర్రగా ఉన్నా పెట్టేసి పోయారు. ఎత్తి చూసినందుకు కాదు ఆమెకు బాధ. చూసి కూడా నమ్మనందుకు.

ఆ సాయంత్రం ముత్యాలయ్య అన్నానికి కూర్చున్నాడు. మనిషి మాటలు తక్కువ. సముద్రం మీద ఎంత మాట్లాడతాడో ఇంట్లోనూ అంతే. మజ్జిగ పోసుకున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకొని, మజ్జిగ పులుపుకి మొహం చిట్లించాడు.

"సెంటుచేప" అన్నాడు.

గరిటె పట్టుకున్న గురవమ్మ అట్లాగే నిలబడింది. ముత్యాలయ్యకి తాను ఏమన్నాడో అప్పుడు వినపడింది. ముద్ద మింగలేకా, కక్కలేకా దవడలు బిగించాడు. బయట పిలకాయలు ఆడుకుంటున్న చప్పుడు. బంతి జారవిడిచిన వాడిని మిగతావాళ్ళు అదే మాటతో తిడుతున్నారు. ముత్యాలయ్యకి పొట్టలోంచి నవ్వు కదిలింది. ఆపుకున్నాడు, ఆగలేదు, భుజాలు ఊగాయి.

"నవ్వబాక" అంది గురవమ్మ. అని, తన మూతి అతనికి కనపడకుండా పొయ్యివైపు తిరిగింది. కాసేపటికి అటే తిరిగి చెప్పింది. "మాట యాడికైనా పోనీ. నా పేరు తగిలించుకోని పోకుండా ఉంటే చాలు."

ముత్యాలయ్య కంచం కడిగి బోర్లించాడు. "మాట అన్నింది ఎవురో, వాళ్ళే తియ్యాల" అన్నాడు.

శనివారం తెల్లవారి ఒడ్డున చేపల వేలంపాటకి పెద్ద లారీ వచ్చింది. పాట పాడించేవాడు లారీవాళ్ళతో ముందే మాట్లాడుకొని, మిగతావాళ్ళు పాడిన పై మాట వినపడనట్టు నటించి, మంచి చందువలు వాళ్ళకే కొట్టేయబోయాడు. గురవమ్మ నోరెత్తేలోపలే వెనక నుంచి ఒక ముసలామె, ఎప్పుడూ ఎవరినీ ఏమీ అననిది, నిదానంగా "సెంటుచేప పాట" అంది. ఒడ్డంతా గొల్లుమంది. పాట పాడించేవాడు మొహం ఎర్రజేసుకొని మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పై మాటలన్నీ వినపడ్డాయి.

గురవమ్మ ఆ ముసలామె వైపు తిరిగి చూసింది. తన మీద ఉమ్మిన మాట ఇప్పుడు ఇంకొకడి మీద పడింది. పడి, పని చేసింది. పైకి ఘుమఘుమ, లోపల కుళ్ళు. ఆ ముసలామె దాన్ని అట్లా వాడింది. అట్లా వాడొచ్చని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

మార్కెట్టులో మాత్రం తట్ట కదల్లేదు. మధ్యాహ్నం విజయకుమారిని తట్ట దగ్గర కూర్చోబెట్టి, గురువారం నాటి గోనెపట్టాను చంకలో పెట్టుకొని, గురవమ్మ రోడ్డు దాటింది. మెస్సు వెనక తలుపు దగ్గర ఆగింది. మగ్దలీనమ్మ పెద్ద గిన్నె ముందు నిలబడి చారు కలుపుతోంది. గురవమ్మను చూసి గరిటె ఆపలేదు.

"మల్లా ఏందీ?"

"ఇది ఒక్కసారి వాసన చూడక్కా. గోనె ఇది. చేప కాదు. నీళ్ళు చల్లినా నేను, అందుకే కిందికి దిగింది. అది నా తప్పే. కొట్టింది మాత్రం నేను కాదు."

చూడనంది మగ్దలీనమ్మ. తన కొడుకు అబద్ధం చెప్పేవాడు కాదంది. చిన్నప్పటి నుంచి ఆదివారం బడిలో పెరిగాడంది. చేప అమ్ముకునే చోట తప్పు జరిగితే ఒప్పుకోవాలి గాని పిల్లోడి మీద తొయ్యకూడదంది. గిన్నెలో గరిటె గట్టిగా తిరుగుతోంది. గురవమ్మ గోనె చంకలోంచి తీసింది, మళ్ళీ పెట్టుకుంది. పోవాలా, ఉండాలా తెలియక గడపలోనే నిలబడింది.

అప్పుడే ముందువైపు ఆటో ఆగింది. జడ్సన్ రెండు చేతులా సంచులు పట్టుకొని లోపలికి వచ్చాడు. రోజూ అతను కంపెనీ గేటు దగ్గరికి తీసుకుపోయే అన్నం పొట్లాలు. అరిటాకులో కట్టి, కాగితం చుట్టినవి. పోయినవన్నీ తిరిగొచ్చాయి. సంచులు బల్ల మీద పెట్టి, కుండలో నీళ్ళు ముంచుకొని తాగుతూ నిలబడ్డాడు.

"ఏమిరా, గేటు మూసినారా?"

"తినలేదు."

"ఎందుకు తినలేదు?"

జడ్సన్ ఇంకో గ్లాసు నీళ్ళు ముంచుకున్నాడు. మగ్దలీనమ్మ ఒక పొట్లం అందుకుంది. దారం తెంచింది, కాగితం విప్పింది, ఆకు తెరిచింది. వేడివేడి పులుసన్నం మీదనుంచి ఆవిరి లేచింది. ఆవిరితో పాటు మల్లెపూలు లేచాయి. గడపలో ఉన్న గురవమ్మకు కూడా తగిలాయి.

మగ్దలీనమ్మ ఇంకో పొట్లం విప్పింది. ఇంకోటి విప్పింది. మూడింటి మీదా వంగి చూసింది. తలెత్తినప్పుడు ఆమె కళ్ళు కొడుకు మీదికి పోలేదు. గురవమ్మ చంకలో ఉన్న గోనె మీద ఆగాయి. చెయ్యి చాచింది. గురవమ్మ ఇచ్చింది. ఆ పెద్ద మనిషి ఆ మురికి గోనెను మొహానికి దగ్గరగా పట్టుకొని గాలి లోపలికి పీల్చింది.

"వాళ్ళేమన్నారురా?" అంది. గొంతు చాలా చిన్నగా ఉంది.

జడ్సన్ గ్లాసు కింద పెట్టాడు. "సెంటుచేప అన్నారు."

గురవమ్మ గోనె తిరిగి అడగలేదు. రోడ్డు దాటి తన చోటికి వచ్చి కూర్చుంది. విజయకుమారి అడిగితే జరిగింది చెప్పింది. ఆ పిల్ల లేచి మార్కెట్టంతా చాటబోయింది. గురవమ్మ దాని కొంగు పట్టుకొని లాగి కూర్చోబెట్టింది. మనం చెబితే మళ్ళీ మన మాటే అవుతుంది, నమ్మరు, ఆమె నోటితో రావాలి అంది.

"వస్తదా?"

"చూస్తాం."

ఆదివారం మార్కెట్టు వేరు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, మనుబోలు నుంచి కూడా జనం వస్తారు. చర్చి విడిచిన వాళ్ళంతా నేరుగా చేపల వరసల్లోకి నడుస్తారు. ముత్యాలయ్య ఆ రోజు కోసం పడవలో ఉన్నవాటిలో మేలైనవి ఏరి, తానే తట్ట నింపి, తానే గోనె కప్పాడు. గురవమ్మ బస్సు దిగి తన చోట కూర్చునేసరికి చర్చిలో పాటలు మొదలయ్యాయి. గోపురం మీద మైకు ఉంది. లోపల ఏం జరిగినా వీధంతా వినాల్సిందే.

పాటలయ్యాయి. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవవచ్చు అన్నారు పాస్టరు గారు. ఒకాయన తనకు ఉద్యోగం వచ్చినందుకు స్తోత్రం చెప్పాడు. ఒకామె ఆపరేషన్ గురించి చెప్పింది. ఆ తర్వాత వచ్చిన గొంతుకి విజయకుమారి గురవమ్మ మోచేయి పట్టుకుంది. మైకు అక్కర్లేకుండానే వీధి దద్దరిల్లే గొంతు అది.

మగ్దలీనమ్మ ముందు మోకాళ్ళ నొప్పి తగ్గినందుకు వందనాలు చెప్పింది. వానలకి చెప్పింది. కొడుక్కి ఆటో ఇచ్చినందుకు చెప్పింది. ఆటో అన్నాక ఆగింది. మైకు గురగురమంది. గురవమ్మ చేతిలో ఉన్న చందువను అట్లాగే పట్టుకొని ఉంది. వరసలో ఉన్న మిగతా ఆడవాళ్ళు కూడా తూచడం ఆపారు.

"దేవునికి స్తోత్రం" అని మగ్దలీనమ్మ కూర్చుంది.

విజయకుమారి నేల మీద ఉమ్మింది. గురవమ్మ చందువను తట్టలో పెట్టింది. దాని మీద నీళ్ళు చల్లింది.

చర్చి విడిచింది. తెల్లచీరలు, తెల్లచొక్కాలు ఒక్కసారిగా వీధిలోకి వచ్చిపడ్డాయి. అందరికంటే ముందు మగ్దలీనమ్మ. చంకలో బైబిలు. ఉతికి గంజి పెట్టిన తెల్లచీర. మడుగులు దాటుకుంటూ, కుచ్చెళ్ళు కూడా ఎత్తకుండా నేరుగా వచ్చింది. గురవమ్మ ముందు ఆగలేదు. తట్టను చుట్టి వెనక్కి వచ్చింది. బైబిలు ప్రహరీ మీద పెట్టింది. గురవమ్మ పక్కన, చేపనీళ్ళ తడిలో, ఆ తెల్లచీరతో చతికిలబడి కూర్చుంది. విజయకుమారి ముందున్న కత్తిపీటను తన వైపు లాక్కొని పాదం కింద అదిమి పెట్టింది.

"రండమ్మా, వంజరం" అంది. ఎదురు మెస్సులోని పిల్లులు కూడా లేచేంత గట్టిగా అంది.

చర్చిలోంచి వచ్చినవాళ్ళు చుట్టూ చేరారు. కొనడానికి కాదు, చూడడానికి. మెస్సు మగ్దలీనమ్మ చేపల వరసలో కూర్చోవడమేమిటి. చొక్కా జేబులో పెన్ను పెట్టుకున్న ఒకాయన నవ్వుతూ అడిగాడు, మొన్న నువ్వే కదమ్మా దీన్ని సెంటుచేప అన్నది అని. గురవమ్మ తల ఎత్తలేదు. విజయకుమారి ఊపిరి బిగబట్టింది.

మగ్దలీనమ్మ ఒక వంజరం ఎత్తి, మొప్ప తెరిచి, ఆయన మొహానికి దగ్గరగా పెట్టింది.

"అన్నాను. సెంటు నా ఇంటిది. చేప ఈమెది."

ఆయన నవ్వు ఆగిపోయింది. వాసన చూశాడు. పక్కనున్న భార్య కూడా చూసింది. ఆమె ఏమీ అడగకుండా సంచి చాచింది.

తర్వాత ఎవరూ మొప్ప ఎత్తలేదు. ఎత్తడానికి తీరిక లేదు. గురవమ్మ తూచింది, విజయకుమారి చేతులు పరిగెత్తాయి, మగ్దలీనమ్మ కోసింది. మెస్సులో కోసి కోసి అలవాటైన చెయ్యి. పొలుసులు లేచి ఆమె గంజిచీర మీద, జబ్బల మీద, కళ్ళద్దాల మీద పడ్డాయి. తుడుచుకోలేదు. తట్ట అడుగు కనపడే వేళకి జడ్సన్ వచ్చాడు. నీళ్ళ బిందె తెచ్చి తల్లి పక్కన దించాడు. గురవమ్మ వైపు చూడలేక బిందె వైపే చూస్తూ నిలబడ్డాడు.

"పొయ్యి ఇంకో బిందె తీస్కోరా అబ్బయా, చాలదు" అంది గురవమ్మ. వాడు పరిగెత్తాడు.

ఎండ నడినెత్తికి ఎక్కింది, జనం పలచబడ్డారు. అప్పుడు నెల్లూరు నుంచి బండి మీద ఒక కుర్రాడు దిగాడు. పేరు అశోక్ అన్నాడు. చేతిలో ఫోను, ఫోనుకి కర్ర. సెంటుచేప అనే మాట ఎక్కడ పుట్టిందో కనుక్కొని వీడియో పెట్టాలట. ముత్తుకూరు మార్కెట్టు అని చెప్పారట. ఒక్కొక్క చోటా ఒక్కొక్కటి చెబుతున్నారు గాని తనకు అసలుది దొరికిందన్నాడు. మద్రాసు వైపు నుంచి ఒక మరబోటు వచ్చిందట. దాని ఓనరు ఐసు కరిగిపోయి చేప కుళ్ళితే పెళ్ళిళ్ళ సెంటు డబ్బాలకొద్దీ పోయించాడట. ఊరంతా తిరగబడి ఆ బోటును తరిమేశారట.

గురవమ్మ తక్కెడ పట్టుకొని చివరిదాకా విన్నది. తన పేరు కోసం విన్నది. ఆ కథలో బోటు వచ్చింది, మద్రాసు వచ్చింది, పెళ్ళిళ్ళ సెంటు వచ్చింది. ఆ పేరు రాలేదు.

"నిజమేనా అక్కా? ఇక్కడ ఎవరు మొదట అన్నారు, ఎవరు సెంటు కొట్టారు, మీకు తెలుసా?" అని కుర్రాడు ఫోను ముందుకు చాచాడు.

మగ్దలీనమ్మ కత్తిపీట మీద చేప అలాగే ఆగింది. ఆమె నోరు తెరవలేదు. ఆ గొంతు ఒక్క ముక్క బయటికి వస్తే చాలు, ఫోనులో ఉన్న గొంతు అదేనని పట్టేస్తాడు. బిందె ఎత్తుకొని వస్తున్న జడ్సన్ నాలుగడుగుల దూరంలో నిలబడిపోయాడు. నీళ్ళు అతని భుజం మీద పడుతున్నాయి. విజయకుమారి నోరు తెరిచి, గురవమ్మను చూసి, మూసుకుంది.

గురవమ్మ తట్టలో చెయ్యి పెట్టింది. మిగిలిన ఒక్క వంజరాన్ని తోక పట్టి పైకి తీసింది. ఎండలో ఇటూ అటూ తిప్పింది.

"ఎవురో అనుంటారు నాయనా" అంది. "తల ఉంచాల్నా, తీసెయ్యాల్నా?"